ముడి వీడలేదు, నంబరు దిగలేదు

పోయిన వారం మనం వంటింటి తలుపు దగ్గర ఆగాం. అప్పుడే తెల్లవారింది. కోడలు ముఖమైనా కడుక్కోకుండా గొళ్ళెం మీదికి వంగి ఏదో పరిశీలిస్తోంది. ఆమె ఏం చూస్తోందో మరిచిపోయినవాళ్ళకీ, పోయిన సంచికను పక్కింటివాళ్ళు చదివి ఇస్తామని పట్టుకెళ్ళి ఇంకా ఇవ్వనివాళ్ళకీ రెండు ముక్కల్లో చెబుతాను.

ఆ ఇంటి పెద్దాయన నలభై ఏళ్ళుగా తాళాలు బాగుచేసి, తాళంచెవులు కోసి బతికినవాడు. వీధి మొత్తానికి ఆయన తాళాల తాత. కుడికంట్లో పొర ముదిరిపోయింది, ఎడమకంట్లోనూ మొదలైంది. ఇప్పుడు తాళంచెవి పళ్ళను చూసి కాదు, బొటనవేలితో తడిమి కోస్తున్నాడు. ఆపరేషన్ చేసే కంటి డాక్టరు ఈ ఊరి క్లినిక్కుకు మూడు నెలలకోసారి వస్తాడు. ఈయన చక్కెర చూసి రెండుసార్లు వెనక్కి పంపాడు. పరగడుపున నూట యాభై లోపు ఉంటేనే కత్తి పట్టుకుంటానని, ఈసారి కూడా కాకపోతే ఆ కన్ను ఇక తన చేతుల్లో ఉండదని తేల్చి చెప్పాడు. ఆపరేషన్ ఎల్లుండి గురువారం. ఇవాళ మంగళవారం.

మరి ఇంట్లో చక్కెర చూసే మిషను ఏమంటోంది? రాత్రి పడుకునేముందు నూట అరవై చూపించిన మిషను తెల్లారేసరికి రెండువందలు దాటిస్తోంది. మధ్యలో ఏదో తినకపోతే అంత ఎలా పెరుగుతుంది? కోడలు కాపురానికొచ్చిన నాటినుంచి అత్తాకోడళ్ళకు ఒక్క విషయంలోనూ కుదరని ఏకాభిప్రాయం ఇక్కడ కుదిరింది. ముసలాయన రాత్రిళ్ళు లేచి దొంగతిండి తింటున్నాడు. అంతే. కోడలు వెళ్ళి ఓ కొత్త తాళం కొనుక్కొచ్చి వంటింటికి వేసింది. ఏ తాళమైనా నిమిషంలో తీసే మనిషిని తాళం వేసి ఆపుదామనుకోవడం ఎంత తెలివో మీరే చెప్పండి. పైగా ఆయన ఆ తాళాన్ని చేత్తో తడిమి, నవ్వి, కొనేముందు ఒక్క మాట అడిగితే మంచిది చూపించేవాణ్ణి కదా తల్లీ అన్నాడు. ఆ నవ్వుతో ఆమె అనుమానం రెట్టింపయింది.

ఆమెది అసలే అనుమానపు ఉద్యోగం. రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పదకొండేళ్ళ సర్వీసు. ఎక్కడ కుట్టు జారినా, ఎక్కడ గుండీ వదులైనా అక్కడ ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. కుట్టుమిషన్ల మీద కూర్చునేవాళ్ళు ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఆమెకు వినబడదనుకుంటారు గానీ వినబడుతుంది, కొంచెం గర్వంగా కూడా ఉంటుంది. ఆ భూతద్దమే నిన్న రాత్రి తాళాన్ని నమ్మడం మానేసి, గొళ్ళేన్నీ గడియనూ కలిపి తెల్లదారం మూడు చుట్లు చుట్టి తన ముడి వేసింది. ఆ ముడి విప్పడం ఎవరికైనా చేతనవుతుంది. మళ్ళీ అలాగే వేయడం మాత్రం ఆమె ఒక్కదానికే వచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. అది ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, మనకు తెలుసు. ఎనిమిది రోజులుగా ఆమె మామగారి చక్కెర తగ్గించే మాత్రను ఒకటి అదనంగా పొడిచేసి, రాత్రి పాలలో కలిపి ఇస్తోంది. డాక్టరు రాసింది రాత్రికి ఒక్కటే. దొంగతిండికి దొంగమాత్ర విరుగుడని ఆమె లెక్క. మొగుడు సరుకు లారీతో పది రోజులుగా ఊళ్ళు తిరుగుతున్నాడు కాబట్టి అడిగేవాళ్ళూ లేరు.

అదీ కథ. ఇక గొళ్ళెం దగ్గరికి వద్దాం.

ముడి వీడలేదు. వేసింది వేసినట్టే, రెండో చుట్టు మీద మూడో చుట్టు కొంచెం ఏటవాలుగా, కొస ఎడమవైపుకు తిరిగి ఉంది. ఆమె కిటికీ ఊచలు చూసింది. చేయి దూరే సందు లేదు. ముందుగదిలో బిస్కెట్ల డబ్బా లేదు, పళ్ళ బుట్ట లేదు, అవన్నీ లోపల పెట్టే తాళం వేసింది. అయితే ఇవాళ నంబరు దిగి తీరాలి. ఆమె మిషను తీసుకుని మామగారి మంచం దగ్గరికి వెళ్ళింది.

ఆయన అడక్కుండానే వేలు చాచాడు. సూది గుచ్చితే వచ్చిన చుక్కను మిషనులో పెట్టే చీటీకి తాకించి, ఇద్దరూ మిషను వంక చూశారు. ఆయనకు కనబడదు, అయినా చూశాడు. రెండువందల ముప్పై ఎనిమిది.

"ఎంత?" అన్నాడు. చెప్పింది. ఆయన వేలికి దూది అద్దుకున్నాడు. తినలేదమ్మా అని రోజూ అనేవాడు, ఇవాళ అది కూడా అనలేదు. గుమ్మంలో నిలబడిన అత్తగారు మూతి బిగించుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి చక్కెర లేని కాఫీ తెచ్చి మొగుడి చేతికిచ్చి, అయ్యేదాకా అక్కడే నిలబడింది. ఇవాళ ఫ్యాక్టరీకి వారపు సెలవు కదా, కోడలు స్నానానికి వెళ్ళకుండా మంచం ఎదురుగా కూర్చుంది. ఆయన కాఫీ తాగాడు, చొక్కా వేసుకున్నాడు, పనిముట్ల సంచీ తీసుకున్నాడు. ఆ సంచీ దగ్గర ఆమె చూపు ఆగింది.

ఎప్పుడూ ఆ సంచీ భుజాన వేలాడేది, నడుస్తుంటే లోపల అరగదీసే ఆకురాళ్ళు గలగలలాడేవి. ఇవాళ దాన్ని చంకలో ఇరికించుకున్నాడు. చప్పుడు రాలేదు. అంటే లోపల మెత్తటిదేదో, నిండుగా ఉన్నదేదో ఉంది. వంటింటి ముడి వీడకపోతేనేం, తిండి వంటింట్లోనే ఉండాలని రూలేముంది? ఇంతకాలం తప్పు తలుపుకు కాపలా కాశానని ఆమెకు తట్టింది. తనమీద తనకే కోపం వచ్చింది.

పదకొండు గంటలకు ఆమె కొట్టుకు వెళ్ళింది. కొట్టంటే పెద్దదేమీ కాదు. నాలుగంతస్తుల భవనం మెట్ల కింద ఏటవాలుగా మిగిలిన జాగా. లోపల నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఆయన నలభై ఏళ్ళూ కూర్చునే పని చేశాడు. గోడకు చెక్క, చెక్కకు మేకులు, మేకులకు ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు వందలు. తాళంచెవిని కదలకుండా పట్టుకునే వైసు బల్లకు బిగించి ఉంది. దాని కింద సొరుగు. ఆయన లేడు, చెంబు కూడా లేదు, నీళ్ళకు వెళ్ళినట్టున్నాడు.

పక్కది టైలరు కొట్టు. టైలరు మిషను ఆపేసి, కుట్టాల్సిన ప్యాంట్లు పక్కకు జరిపి, స్టీలు డబ్బా ముందు పెట్టుకుని తింటున్నాడు. డబ్బా మూత మీద గీత చూసి ఆమె గుర్తుపట్టింది. అది తమ డబ్బా. అందులోది నిన్న రాత్రి తను వండిన బీన్స్ కూర.

టైలరు నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని ఆమె వంక చూశాడు. రెండు వారాల్లో ఆయన చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుంది, ఆ సంగతి ఆమె వృత్తిరీత్యా ఒక్క చూపులో గమనించింది. నమిలి మింగాక, పెద్దాయనే ఇచ్చాడు చెల్లెమ్మా, రోజూ ఇస్తాడు, వద్దంటే బాధపడతాడు అని సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆమెకు అర్థం కాలేదు. తిండి తెచ్చుకుంటాడు సరే, తెచ్చి ఇంకొకరికి ఎందుకు పెడతాడు? ఇది దొంగతనం కప్పిపుచ్చడానికి వేసిన ఎత్తయి ఉండాలి. ఆమె తిన్నగా తాళాల కొట్టులోకి దూరి వైసు కింద సొరుగు లాగింది.

దొరికింది. టీ హోటళ్ళలో కప్పుతోపాటు ఇచ్చే చక్కెర పొట్లాలు, చిన్నచిన్న కాగితం పొట్లాలు, గుప్పెడు. వాటి పక్కన చించి మడిచి పెట్టిన ఖాళీవి అంతకు రెట్టింపు. ఇన్నాళ్ళూ ఆమె పట్టుకోవాలని చూసింది దీన్నే. మరి పట్టుకున్నాక సంతోషం రావాలి కదా? రాలేదు.  అయినా ఆ పొట్లాలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, చేతులు కట్టుకుని కూర్చుంది.

మామగారు చెంబుతో వచ్చాడు. దగ్గరికొచ్చేదాకా ఆమెను పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక బల్ల మీద చేయి పెట్టాడు, వేళ్ళకు పొట్లాలు తగిలాయి. చెంబు కింద పెట్టాడు.

"ఇవేమిటి మామయ్యా?"

"చక్కెరమ్మా."

"రాత్రిళ్ళు ఇవేనా తినేది?"

ఆయన తన స్టూలు మీద కూర్చున్నాడు. కోపం తెచ్చుకోవాలని చూశాడు గానీ అంత ఓపిక లేనట్టుంది. మెల్లిగానే అన్నాడు. "రాత్రి తింటున్నానని నువ్వు వంటింటికి తాళం వేశావు. నేను రాత్రి తిండి మానేసి పద్నాలుగు రోజులైంది తల్లీ."

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. తింటేనే కదా చక్కెర పెరిగేది, తినకపోతే తగ్గి తీరాలి, ఇదీ ఆయన లెక్క. ఆపరేషన్ తేదీ తెలిసిన రోజునుంచి రాత్రి భోజనం కంచం గదిలోకి తెచ్చుకుని, రేడియో పెట్టుకుని, కంచంలోది డబ్బాలోకి మార్చి సంచీలో పెట్టేస్తున్నాడు. పొద్దున అది టైలరుకు. నంబరు దిగకపోయేసరికి ఉపవాసం చాల్లేదనుకుని పొద్దుటి ఫలహారం కూడా మానేశాడు. తాగేవి ఉపవాసానికి అడ్డం కావని కాఫీ, పాలు మాత్రం పుచ్చుకుంటున్నాడు. ఇంట్లోవాళ్ళు ఆయన తిండి దొంగిలిస్తున్నాడనుకుంటే, ఆయన తన నోటి దగ్గర తిండినే దొంగిలించి బయటికి చేరవేస్తున్నాడు.

మరి పొట్లాలు?  తెల్లవారుజామున ఉన్నట్టుండి మెలకువ వస్తుందట. చొక్కా తడిసిపోయేంత చెమట, గుండె దడదడ, చేతులు వణుకు. మొదటిసారి ఇక పోతాననుకున్నాడట. ఎవరో కొట్టు దగ్గర మాటల్లో అన్నది గుర్తొచ్చి, జేబులో ఉన్న చక్కెర పొట్లం నోట్లో వేసుకుంటే కాసేపటికి తగ్గింది. అప్పటినుంచి దిండు కింద పెట్టుకుంటున్నాడు. ఒకటితో తగ్గకపోతే రెండు, రెండుతో తగ్గకపోతే నాలుగు. ఈ మూడు రోజులనుంచి పగలు కూడా వస్తోంది, అందుకే సొరుగులో పెట్టాడు.

"ఎవరికీ చెప్పలేదే?"

"చెప్తే ఆపరేషన్ ఆపేస్తారు. చేతులు వణికేవాడి దగ్గరికి తాళంచెవి కోయించుకోడానికి ఎవరొస్తారమ్మా? కళ్ళు పోయినా చేతులున్నాయని ధైర్యంగా ఉన్నాను. అవి కూడా పోయాయంటే ఇంట్లో మూల కూర్చోబెడతారు." ఆయన ఒక పొట్లం తీసుకుని వేళ్ళమధ్య నలిపాడు. "నీ మీద కూడా అనుమానమొచ్చింది, దాచడమెందుకు. నేను తినకపోయినా నంబరు ఎక్కువే వస్తోందంటే, ఈ కొట్టు మూయించాలని నువ్వే ఎక్కువ చేసి చెప్తున్నావనుకున్నా. నాకు ఆ అంకెలు కనబడవు కదా."

ఆమెకు ముఖం మీద కొట్టినట్టయింది. తను ఆయన్ని అనుమానించడం న్యాయంగానే అనిపించింది ఇన్నాళ్ళూ, ఆయన తనను అనుమానిస్తే మాత్రం ఎంత అన్యాయమో. ఏదో అనబోయింది. ఇంతలో ఆయన నలుపుతున్న పొట్లం చేతిలోంచి జారి కింద పడింది. తీసుకోబోయి తడిమాడు, అందలేదు. కనుబొమల మీద చెమట. ఫ్యాను గాలి తగిలేచోటే కూర్చున్నాడు, అయినా చెమట. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు, రెండు పొట్లాలు చించి ఆయన నోట్లో పోసి, టైలర్ని కేకేసి, ఆయన్ని రెండు సందుల అవతలి క్లినిక్కుకు నడిపించింది.

అక్కడ చక్కెర జబ్బువాళ్ళను చూసే నర్సమ్మ ఉంది. గట్టి మనిషి, జాలి ముఖంలో కాదు, పనిలో ఉంటుంది. ఏమీ అడక్కముందే ఆయన వేలు గుచ్చింది. యాభై నాలుగు. పొద్దున రెండువందల ముప్పై ఎనిమిది ఉన్న మనిషికి, మధ్యలో పొట్లాలు రెండు మింగిన మనిషికి, యాభై నాలుగు. గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూసింది. తొంభై ఆరు. అప్పుడు రెండు రొట్టెముక్కలు తినిపించి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

పద్నాలుగు రోజుల కథ విని ఆమె తల పట్టుకుంది. తాతగారూ, తిండి మానేస్తే చక్కెర మానదండీ అని మొదలుపెట్టింది. మనిషి తినకపోయినా కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుందట, తెల్లవారుజామున మరీ ఎక్కువగా వదులుతుందట. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు దాన్ని అదుపుచేసే శక్తి ఉండదు కాబట్టి పొద్దున నంబరు పెరిగి కనబడుతుంది. అంతమాత్రాన రాత్రి ఏదో తిన్నట్టు కాదు. ఆ మాట వింటూ కోడలు తల దించుకుంది. ఇక ఈయన వేసుకునే మాత్ర ఉంది చూశారూ, అది కడుపులో తిండి ఉందా లేదా అని చూడదు, చక్కెరను కిందికి లాగడమే దాని పని. ఖాళీ కడుపు మీద వేస్తే మరీ కిందికి లాగేస్తుంది. అప్పుడు చెమటలు, వణుకు. అప్పుడు పొట్లాల మీద పొట్లాలు. దాంతో నంబరు పైకి ఎగురుతుంది. పొద్దున మీరు చూసేది ఆ పైకెగిరిందాన్నే, కింద పడింది ఎవరూ చూడలేదు అంది నర్సమ్మ.

తర్వాత ఆమె ఆయన మందుల కాగితం చూసి కనుబొమలు ముడిచింది. "రాత్రి ఒక్క మాత్రే కదా రాసింది. ఒక్కదానికి రోజూ ఇంత పడిపోవడం, అదీ పగలు కూడా... తాతగారూ, ఇంకేమైనా వేసుకుంటున్నారా?"

"మా ఆవిడ రాత్రికి ఇచ్చేది ఒక్కటే" అన్నాడాయన.

పాల సంగతి కోడలు చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఇవాళ్టినుంచి మానేస్తే సరిపోతుంది. చెకింగ్ టేబుల్ దగ్గర తన చేతులమీదుగా తప్పు చొక్కా వెళ్ళిపోతే వెనక్కి పిలిపించి స్టిక్కరు వేసే మనిషి ఆమె. ఆ అలవాటే చివరికి మాట్లాడించింది.

"పాలల్లో ఒకటి నేను కలుపుతున్నానండీ. ఎనిమిది రోజులనుంచి."

నర్సమ్మ తిడుతుందనుకుంది. తిట్టలేదు, కాగితం మీద రాసుకుంది. మామగారు మాత్రం ఆమె వైపు తిరిగాడు.

"రోజూ నువ్వు పాలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, నా కోడలు నన్నెంత చూసుకుంటోందో అనుకునేవాణ్ణి" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

నర్సమ్మకు ఏడుపులకు తీరిక లేదు. గట్టిగా నాలుగు మాటలు చెప్పింది. వేళకు తినాలి, రాసిన మాత్ర మాత్రమే వేయాలి, అదీ భోజనంతోనే, దిండు కింద పొట్లం ఉండాలి గానీ అవసరమైతేనే, వాడినప్పుడల్లా నంబరు చూసి రాయాలి. కంటి డాక్టరుతో తనే మాట్లాడుతుంది, గురువారం పొద్దున ఏ నంబరు వస్తుందో అప్పుడు చూద్దాం. ఆపరేషన్ ఇంకా చెయ్యిజారిపోలేదు. చివర్లో వేలెత్తి ఇంకో మాట అంది. ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ఇవాళ పొద్దుట్నుంచి ఇంకోటి గనక పడి ఉంటే, ఇప్పుడు తొంభై ఆరు ఉన్నా మళ్ళీ కిందికి లాగుతుంది, అప్పుడు ఒంటరిగా వదలకూడదు, ఇక్కడే ఉంచాలి. పడిందా?

"లేదండీ" అంది కోడలు. అంత ఖచ్చితంగా ఆమె ఈమధ్య ఏదీ చెప్పలేదు.

బయటికొచ్చాక మామగారు ఇంటికి రానన్నాడు. ఎవరికో మధ్యాహ్నానికి తాళంచెవి ఇస్తానని మాటిచ్చాడట, అరగంట పని. అది ఇచ్చేసి వచ్చి మీ అత్త ఎదురుగా కూర్చుని భోంచేస్తాను, సరేనా అన్నాడు. వేరే రోజైతే ఆమె వెనకే వెళ్ళి ఓ కన్నేసి ఉంచేది. ఇవాళ ఆ సిగ్గుతో ఆమెకు అనుమానించే ముఖం లేదు. సరే మామయ్యా అంది. ఎన్నాళ్ళకో ఆయన మాట నమ్మింది.

ఇంటికొచ్చి మొదట వంటింటి దారం కత్తిరించి పారేసింది. అత్తగారు వెనక వరండాలో బట్టలు ఆరేస్తోంది. చెప్పాల్సింది ఎలా మొదలుపెట్టాలో తోచక, ఆమె ముందు మందుల డబ్బా తీసింది. మాత్రలు ఎన్ని మిగిలాయో చూస్తే రేపు కొనాలో వద్దో తెలుస్తుంది. ఒకటో తారీఖున ముప్పై తెచ్చింది తనే. ఇవాళ పదిహేడు. రాత్రికొకటి చొప్పున పదహారు, పాలల్లో తను వేసినవి ఎనిమిది, మొత్తం ఇరవై నాలుగు. ఆరు ఉండాలి.

ఒకటే ఉంది.

డబ్బా బోర్లించింది. అడుగున జ్వరం మాత్రలు, దూది, ఒక గుండుసూది. రెండోసారి లెక్కపెట్టింది. కుట్టు తేడా వేలికి తగిలితే తెలిసినట్టు, ఎక్కడో ఏదో తప్పిందని తెలిసింది. ఐదు తక్కువ. ఈ మూడు రోజులనుంచి పగలు కూడా వస్తోందన్న మామగారి మాట చెవిలో మోగింది. మోగగానే కాళ్ళు వరండా వైపు నడిచాయి.

అత్తగారు దుప్పటి కొస పట్టుకుని పిండుతోంది. కోడలు ఖాళీ మాత్రల అట్టలు చూపించింది. పెద్దావిడ దుప్పటి పిండటం ఆపింది, కానీ వదల్లేదు.

"నీకు తెలిస్తే నువ్వు మీ మామకు చెప్పేస్తావని చెప్పలేదు" అంది చివరికి. "మనిషి దొంగతిండి మానడు. కళ్ళు పోతాయి, కొట్టు పోతుంది, నాకు ముందు ఆయన పోతాడేమోనని భయం. ఆదివారం కాఫీలో ఒకటి వేశా. తగ్గలేదు. నిన్న రెండు వేశా. ఆ కాఫీ ఎటూ చేదే, ఆయన కనిపెట్టలేదు."

"ఇవాళ?" అంది కోడలు.

"ఇవాళ కూడా రెండే. పొద్దున నువ్వు నంబరు చెప్పాక."

కోడలికి క్లినిక్కులో తను చెప్పిన మాట గుర్తొచ్చింది. లేదండీ. అంత ధీమాగా. ఆ మాట మీద నమ్మకంతోనే నర్సమ్మ ఆయన్ని పంపించింది. ఆయన తిన్నది రెండు రొట్టెముక్కలు. అదీ గంటన్నర కిందట.

సెల్‌ఫోనులో అంకెలు కనబడవని ఆయన దాన్ని ఎప్పుడూ ఇంట్లోనే వదిలేస్తాడు. ఆమె టైలరుకు ఫోను చేసింది. అవతల కుట్టుమిషను చప్పుడు, తర్వాత ఆగింది. టైలరు డబ్బా సంగతి అడుగుతుందనుకున్నాడేమో, ముందే సర్దిచెప్పబోయాడు. ఆమె మామయ్యకు ఫోనివ్వమంది.

"పెద్దాయన లేడు చెల్లెమ్మా. ఎవరో కారులో వచ్చారు. కొత్తవాళ్ళు. ఇంట్లో బీరువా తాళం పడిపోయిందట, రమ్మంటే ఎక్కి వెళ్ళాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికని నేనూ అడగలేదు." టైలరు కాస్త ఆగి, ఇలాంటివి ఆడవాళ్ళతో అనొచ్చో లేదో తేల్చుకోలేనివాడిలా గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకు. వెళ్ళేటప్పుడు మాట ముద్దముద్దగా వచ్చింది. కారు ఎక్కడానికి తలుపు దొరక్క తడుముకున్నాడు. పట్టపగలు పెద్దాయన తాగాడేమిటా అనుకుని, పలకరిస్తే బాగుండదని నేను తల తిప్పుకున్నా."

అత్తగారు తడి దుప్పటితోనే దగ్గరికి వచ్చింది. ఏమంటున్నాడే అని అడుగుతోంది.  ఆ కారులో ఉన్నవాళ్ళు కూడా టైలరు అనుకున్నదే అనుకుంటారు. తాగి తూలుతున్న ముసలివాణ్ణి ఎవరూ ఆసుపత్రికి తీసుకెళ్ళరు. ఎక్కడో ఒకచోట దింపేసి వెళ్ళిపోతారు.